ఇజ్రాయెల్ సరుకుల బహిష్కరణ: షాపులో ఏవి ఉంచాలి, ఏవి తీసెయ్యాలి?

టోలిచౌకి_కిరాణా (హైదరాబాద్):
అందరికీ నమస్కారం. నాకు టోలిచౌకిలో ఒక మోస్తరు కిరాణా షాపు ఉంది. 2023 అక్టోబర్‌లో గాజా యుద్ధం మొదలయ్యాక వచ్చిన ఈ గొడవ ఇప్పటికీ తెగలేదు. కస్టమర్లు కౌంటర్ దగ్గర ఫోన్ తీసి వాట్సాప్ లిస్టు చూపిస్తారు. "ఇది ఇజ్రాయెల్‌ది కదా, ఎందుకు పెట్టారు?" అంటారు. ఆ లిస్టులో సబ్బులు, చాక్లెట్లు, కాఫీ పొడి, పిల్లల డైపర్లు, షాంపూలు అన్నీ ఉంటాయి. అందులో ఉన్నవన్నీ తీసేస్తే నా షెల్ఫుల్లో పప్పులు, ఉప్పు తప్ప ఏమీ మిగలవు.

గాజా పిల్లల ఫోటోలు చూసి నాకూ కడుపు తరుక్కుపోయింది. మా ఇంట్లో కూడా ఇదే మాట నడుస్తోంది. కానీ నా ఇబ్బంది ఒకటుంది. కూల్‌డ్రింక్ కంపెనీ వాళ్లు ఫ్రిజ్ ఇస్తారు, అందులో వేరే కంపెనీ సీసా కనిపిస్తే సేల్స్‌మన్ ఊరుకోడు. సరుకు ఆపితే ఫ్రిజ్ పట్టుకుపోతారు. ఎండాకాలం నా గల్లాపెట్టె సగం నిండేది ఆ ఫ్రిజ్ వల్లే. నిజంగానే ఆ డబ్బు పాలస్తీనా నేల ఆక్రమణకు వెళ్తుందంటే ఫ్రిజ్ ఇచ్చేస్తాను, ఎండాకాలం ఎలాగో గడుస్తుంది. ఎవరో పేరు లేకుండా టైప్ చేసిన లిస్టు చూసి మాత్రం ఇవ్వలేను. తెలిసినవాళ్లు చెప్పండి.

సుజాత_అడ్వకేట్ (విజయవాడ):
అన్నగారూ, బహిష్కరణ పిలుపు ఇచ్చినవాళ్లు వేరు, వాట్సాప్ లిస్టులు తయారు చేసేవాళ్లు వేరు. 2005 జూలై 9న 170కి పైగా పాలస్తీనా సంఘాలు కలిసి ఒక పిలుపు ఇచ్చాయి. బహిష్కరణ, పెట్టుబడుల ఉపసంహరణ, ఆంక్షలు. దీన్నే బీడీఎస్ అంటున్నారు. ఆ తేదీ ఎంచుకోవడానికి కారణం ఉంది. సరిగ్గా ఏడాది ముందు, అదే రోజున, హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం వెస్ట్ బ్యాంక్ భూమిలో కట్టిన గోడ చట్టవిరుద్ధమని అభిప్రాయం ఇచ్చింది. ఏడాది గడిచినా గోడ పోలేదు సరికదా ఇంకా పెరిగింది. వాళ్లు అడిగేవి మూడు: 1967లో ఆక్రమించిన నేల వదలాలి, ఇజ్రాయెల్‌లోని అరబ్ పౌరులకు సమాన హక్కులు ఇవ్వాలి, శరణార్థులను తిరిగి రానివ్వాలి.

ఆ ఉద్యమం పెద్ద లిస్టులు వద్దనే చెబుతుంది. సంబంధం రుజువు చేయగలిగిన కొద్ది కంపెనీలనే పట్టుకోమంటుంది. స్టార్‌బక్స్ సంగతి తీసుకోండి. ఇజ్రాయెల్‌లో దానికి ఒక్క షాపు కూడా లేదు, 2001లో తెరిచి 2003లోనే మూసేసింది. 2023 అక్టోబర్‌లో అమెరికాలో దాని కార్మిక సంఘం పాలస్తీనాకు మద్దతుగా పోస్టు పెడితే కంపెనీ సంఘం మీద కేసు వేసింది. జనం కోపం అక్కడ రాజుకుంది. మెక్‌డొనాల్డ్స్ విషయం వేరు. ఇజ్రాయెల్‌లో అప్పట్లో దాన్ని నడిపిన ఫ్రాంచైజీ సైనికులకు ఉచితంగా భోజనాలు పంచింది. కువైట్, మలేషియా, పాకిస్తాన్ ఫ్రాంచైజీలు "మాకూ దానికీ సంబంధం లేదు" అని ప్రకటనలు ఇచ్చుకోవాల్సి వచ్చింది. ఆ బహిష్కరణను జనమే మొదలుపెట్టారు, బీడీఎస్ తర్వాత మద్దతిచ్చింది.

నన్నడిగితే చట్టం గట్టిగా నిలబడే చోటు ఒకటే, సెటిల్‌మెంట్ల సరుకు. అంటే వెస్ట్ బ్యాంక్‌లో ఆక్రమిత భూమి మీద కట్టిన కాలనీల్లో పండించినవి, తయారైనవి. 2024 జూలై 19న అదే హేగ్ కోర్టు ఆక్రమణ మొత్తం చట్టవిరుద్ధమని చెప్పింది. దాన్ని నిలబెట్టడానికి ఏ దేశమూ సాయం చేయకూడదని కూడా చెప్పింది. సెటిల్‌మెంట్ల సరుకు మీద ఆ సంగతి స్పష్టంగా రాయాలని యూరప్ కోర్టు 2019 నవంబర్‌లోనే తీర్పు ఇచ్చింది. 2025 ఆగస్టులో స్లొవేనియా అలాంటి సరుకు దిగుమతినే ఆపేసింది.

డ్రైఫ్రూట్స్_బేగంబజార్ (హైదరాబాద్):
కిరాణా అన్నా, నువ్వు భయపడాల్సిన సరుకు ఒకటుంది, ఖర్జూరం. అందులోనూ మెడ్జూల్. పెద్ద సైజు, మెత్తగా, లోపల పాకంలా ఉంటుంది చూడు, అది. జోర్డాన్ లోయలో సెటిల్‌మెంట్ల తోటలు చాలా ఉన్నాయి, ఆ కాయ ప్రపంచమంతా పోతుంది. అదే లోయలో జెరికో చుట్టుపక్కల పాలస్తీనా రైతుల తోటలూ ఉన్నాయి. కాయ చూసి ఏది ఎవరిదో ఎవరూ చెప్పలేరు.

చాలామంది బార్‌కోడ్‌లో 729 చూసి పక్కన పడేస్తారు. అది కంపెనీ ఎక్కడ రిజిస్టర్ అయిందో చెబుతుంది, కాయ ఎక్కడ పండిందో చెప్పదు. మన 890 కూడా అంతే. ఇజ్రాయెల్ కాయను యూరప్‌లో ప్యాక్ చేస్తే కోడ్ మారిపోతుంది. కాబట్టి పెట్టె తిప్పి, పండించిన దేశం, ప్యాక్ చేసిన ఊరు, దిగుమతిదారు పేరు, మూడూ చూడాలి. కాయ పండిన దేశం పేరు లేకుండా ఉత్త "ప్యాక్డ్ ఇన్" అని మాత్రమే ఉంటే నేను తీసుకోను. హైదరాబాద్‌కి వచ్చేదాంట్లో ఎక్కువ భాగం ఇరాక్, ఇరాన్, సౌదీ, ఎమిరేట్స్ కాయే, కాబట్టి రంజాన్ సీజన్‌లో ప్రత్యామ్నాయం లేదనే మాట లేదు. మెడ్జూలే కావాలన్న కస్టమర్‌కి జోర్డాన్‌ది ఇవ్వు.

కూల్‌డ్రింక్ సంగతి మాత్రం అంత సులువు కాదు. కోకాకోలా ఇజ్రాయెల్ బాట్లింగ్ కంపెనీకి ఆక్రమిత తూర్పు జెరూసలేంలోని అటారోట్ పారిశ్రామిక వాడలో కేంద్రం ఉంది, కోపానికి అది కారణం. అదే కోకాకోలాను రమల్లాలో పాలస్తీనా వాళ్ల కంపెనీ బాటిల్ చేస్తుంది. గాజాలో కూడా 2016లో ప్లాంట్ తెరిచారు, యుద్ధంలో పోయింది. పాలస్తీనా జనంలోనే చాలామంది ఇప్పుడు సల్ఫీత్‌లో తయారయ్యే చాట్ కోలా తాగుతున్నారు.

జగిత్యాల_రవి (కువైట్):
నేను గల్ఫ్‌లో ఒక ఫాస్ట్‌ఫుడ్ ఔట్‌లెట్‌లో పని చేస్తాను. పేరు రాయను, ఉద్యోగం ఉండాలి కదా. 2023 అక్టోబర్ చివరి వారం నుంచి చూశాను. శుక్రవారం సాయంత్రం కుటుంబాలతో నిండిపోయే హాలు ఖాళీ. నూనె కాగుతూనే ఉంటుంది, ఆర్డర్ రాదు. ముందు ఓవర్‌టైమ్ తీసేశారు. తర్వాత షిఫ్టులు కోసేశారు. మాలో కొందరిని లీవ్ అని ఇంటికి పంపారు, మళ్లీ పిలవలేదు. పంపినవాళ్లలో జగిత్యాల, నిజామాబాద్ వాళ్లున్నారు, నేపాల్ వాళ్లున్నారు, ఫిలిప్పీన్స్ వాళ్లున్నారు. ఏజెంటుకు కట్టిన అప్పు ఇంకా తీరని పిల్లలు.

2024 మార్చిలో అల్‌షాయా గ్రూపు స్టార్‌బక్స్ షాపుల్లో సుమారు 2,000 మందిని తీసేసింది, పేపర్లలో వచ్చింది. ఆ షాపుల యజమాని కువైట్ కంపెనీ, ఇజ్రాయెల్‌ది కాదు. జోర్డాన్‌లో ఫ్రాన్స్ సూపర్‌మార్కెట్ కంపెనీ కార్ఫోర్ బోర్డులు 2024 నవంబర్‌లో పోయాయి, ఒమాన్‌లో 2025 జనవరిలో పోయాయి. అక్కడ మాత్రం పాత షాపులే కొత్త పేరుతో నడుస్తున్నాయి.

బహిష్కరణ తప్పని నేను అనను. నాతో పనిచేసే పాలస్తీనా అన్న ఒకాయన ఉన్నాడు, గాజాలో వాళ్ల చెల్లెలి కుటుంబం మొత్తం పోయింది. ఆయన బయట నుంచి టిఫిన్ తెచ్చుకుంటాడు కానీ మా ఔట్‌లెట్ తిండి ముట్టడు, అయినా అక్కడే పని చేస్తాడు. ఆయన ముందు నేనేం మాట్లాడగలను? కానీ దెబ్బ ఎవరికి తగులుతుందో రాసేవాళ్లు ఒక్కసారి చూడాలి.

అమలాపురం_పాల్ (అమలాపురం):
రవి తమ్ముడు రాసింది చదివి చాలా బాధ కలిగింది. నేను కొంచెం వేరే వైపు నుంచి మాట్లాడతాను, దయచేసి ఓపిగ్గా చదవండి. నేను సంఘంతో కలిసి యెరూషలేము యాత్రకు వెళ్లొచ్చాను. మన రాష్ట్ర ప్రభుత్వమే ఆ యాత్రకు పేదవాళ్లకు సాయం ఇస్తుంది, 2019లో దాన్ని 60,000 రూపాయలకు పెంచారు. అక్కడి మనుషుల్ని చూశాను.

2023 అక్టోబర్ 7న హమాస్ దాడిలో సుమారు 1,200 మంది చనిపోయారు. 251 మందిని ఎత్తుకుపోయారు. సంగీత ఉత్సవానికి వచ్చిన పిల్లలు, పొలాల్లో పనిచేసే థాయ్ కూలీలు. ఇక్కడ ఇప్పటిదాకా ఎవరూ ఆ మాట ఎత్తలేదు. ఇంకో సంగతి. యూదులకు బహిష్కరణ అనగానే గుర్తొచ్చేది 1933 ఏప్రిల్ 1. ఆ రోజు జర్మనీలో నాజీ దళాలు యూదుల షాపుల ముందు నిలబడి, లోపలికి వెళ్లొద్దని జనాన్ని బెదిరించాయి. అరబ్ లీగ్ యూదుల సరుకుల బహిష్కరణ ప్రకటించింది 1945 డిసెంబర్‌లో, అప్పటికి ఇజ్రాయెల్ దేశమే లేదు. కాబట్టి ఆక్రమణ వల్లే బహిష్కరణ అన్న వాదన వాళ్లకు నమ్మకం కలిగించదు. మన గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే యూదు కుటుంబాలు ఉన్నాయి. రేపు ఎవరైనా వాళ్ల ఇంటి ముందుకొచ్చి నినాదాలిస్తే మనం ఒప్పుకుంటామా?

మోడరేటర్:
మతాలను తిడుతూ వచ్చిన కామెంట్లు తీసేశాం. అభిప్రాయం ఎంత గట్టిగానైనా చెప్పండి, మనుషుల్ని తిట్టొద్దు.

సుజాత_అడ్వకేట్ (విజయవాడ):
పాల్ గారూ, అక్టోబర్ 7 గురించి మీరు రాసినదాంట్లో ఒక్క అక్షరం కూడా కాదనను. అది ఘోరం. ఆ తర్వాత గాజాలో చనిపోయినవాళ్ల సంఖ్య 2025 అక్టోబర్ నాటికి 67,000 దాటిందని గాజా ఆరోగ్య శాఖ లెక్క. రెండూ మనసులో పెట్టుకునే మాట్లాడదాం.

1933తో పోలిక మాత్రం నేను ఒప్పుకోను. అక్కడ అధికారంలో ఉన్న ప్రభుత్వం తన పౌరుల్లో ఒక మతం వాళ్ల మీద పడింది. షాపు యజమాని ఏం చేశాడన్నది కాదు, యూదుడు కావడమే నేరం. ఇక్కడ ఆక్రమణ కింద ఉన్నవాళ్లు ఒక ప్రభుత్వం చేసే పనిని ఆపమంటున్నారు. ఆ తేడా పోయిన రోజున, అంటే యూదు పేరు ఉన్న ప్రతి షాపునూ పట్టుకున్న రోజున, మీ భయం నిజమవుతుంది. కొన్ని చోట్ల అలా జరిగింది కూడా, దాన్ని నేను ఎక్కడైనా ఖండిస్తాను. కొత్తరెడ్డిపాలెం వాళ్లకూ వెస్ట్ బ్యాంక్ కాలనీలకూ ఏ సంబంధమూ లేదు. వాళ్ల జోలికి ఎవరైనా వెళ్తే ముందు నేనే వెళ్లి నిలబడతాను.

జర్మనీ పార్లమెంటు 2019 మేలో బీడీఎస్‌ను యూదు వ్యతిరేకమని తీర్మానించింది. మరుసటి ఏడాది జూన్‌లో యూరప్ మానవ హక్కుల కోర్టు ఫ్రాన్స్ కేసులో బహిష్కరణ పిలుపు భావప్రకటన హక్కు కిందికి వస్తుందని చెప్పింది. ఆ ఖండంలోనే ఈ తగవు తెగలేదు.

పాత_పేపర్లు (గుంటూరు):
పాల్ గారు యాత్రలో బేత్లెహేము పక్కన గొల్లల పొలం చూసే ఉంటారు. దూత గొల్లలకు కనిపించిందని చెప్పే చోటు. ఆ ఊరి పేరు బెయిత్ సాహూర్. ఊళ్లో ఎక్కువమంది క్రైస్తవులు. ఆ ఊరి కథ మన గుంటూరు వాళ్లు తప్పకుండా తెలుసుకోవాలి.

1988లో, మొదటి ఇంతిఫాదా (ఆక్రమణ మీద పాలస్తీనా జనం తిరుగుబాటు) కాలంలో, ఊరివాళ్లు ఇజ్రాయెల్ సైనిక పాలనకు పన్ను కట్టం అన్నారు. "మాకు ప్రాతినిధ్యం లేని చోట మా పన్ను లేదు" అన్నది వాళ్ల మాట. ఇజ్రాయెల్ పాలు కొనడం మానేసి, ఒక కిబ్బుట్జ్ (ఇజ్రాయెల్‌లో అందరూ ఉమ్మడిగా సేద్యం చేసుకునే ఊరు) నుంచి 18 ఆవులు కొని తెచ్చుకుని సొంత డెయిరీ పెట్టుకున్నారు. సైన్యం ఆ ఆవుల్ని కూడా భద్రతకు ముప్పు అంది. ఊరివాళ్లు వాటిని ఒకచోటు నుంచి ఇంకోచోటుకు దాచుకుంటూ రాత్రిళ్లు పాలు పంచారు. 1989 శరత్కాలంలో ఆరు వారాల పాటు ఊరిని దిగ్బంధించి, పన్ను బాకీ కింద ఇళ్లలోకి దూరి టీవీలు, ఫ్రిజ్‌లు, మందుల షాపులో సరుకు, వడ్రంగి పనిముట్లు లారీల్లో ఎత్తుకుపోయారు. ఐక్యరాజ్య సమితి భద్రతా మండలిలో ఖండన తీర్మానం వస్తే అమెరికా వీటో చేసింది.

ఇప్పుడు మన పెదనందిపాడు గుర్తు తెచ్చుకోండి. 1922లో పర్వతనేని వీరయ్య చౌదరి గారి నాయకత్వంలో పన్నుల సహాయ నిరాకరణ. గ్రామాధికారులు రాజీనామాలు చేశారు. కలెక్టర్ సైన్యాన్ని దింపాడు, ఆస్తులు జప్తు చేశారు. జప్తు చేసిన సామాను వేలంలో కొనడానికి ఆ చుట్టుపక్కల ఒక్క మనిషి ముందుకు రాలేదు. చౌరీచౌరా తర్వాత గాంధీ ఉద్యమం ఆపేస్తే ఇదీ ఆగింది. రెండు ఊళ్లూ చేసింది ఒకటే పని. అందుకే బెయిత్ సాహూర్ కథ మొదటిసారి చదివినప్పుడు నాకది పరాయి ఊరు అనిపించలేదు. పాల్ గారు 1933 చెప్పారు. పాలస్తీనా వాళ్ల దగ్గర ఈ జ్ఞాపకం ఉంది. వాళ్లకు బహిష్కరణ అంటే తుపాకీ పట్టకుండా మిగిలిన దారి.

అమలాపురం_పాల్ (అమలాపురం):
మాస్టారూ, ఆ పొలంలో నిలబడి ప్రార్థన చేశాను. ఊరి గురించి గైడు ఇది చెప్పలేదు. ఆ ఊళ్లో ఆలివ్ కర్రతో శిలువలు, పశువుల పాక బొమ్మలు చెక్కే కుటుంబాలున్నాయి. చేతిలో ఉలి, పక్కన పొట్టు, గదంతా ఒక రకమైన వాసన. వాళ్ల దగ్గర కొన్నాను కూడా. యుద్ధం మొదలయ్యాక యాత్రికులు రావడం ఆగిపోయి ఆ కుటుంబాలు పస్తులున్నాయని విన్నాను.

నా అభిప్రాయం ఒకటి మాత్రం మారలేదు. మానేయడం కంటే కొనడం మంచిది. బేత్లెహేము వాళ్ల దగ్గర కొనండి, జెరికో రైతు దగ్గర కొనండి. శిక్ష వేసే డబ్బు కంటే బతికించే డబ్బు పంపుదాం. ఇంట్లో సోడా చేసుకునే మిషన్లు అమ్మే సోడాస్ట్రీమ్ కంపెనీ ఏమైంది? సెటిల్‌మెంట్‌లో ఫ్యాక్టరీ ఉందని ఒత్తిడి పెరిగింది, 2015లో దాన్ని మూసి నెగెవ్ ఎడారిలోకి మార్చారు. దాదాపు 500 మంది పాలస్తీనా కార్మికుల ఉద్యోగాలు పోయాయి. కంపెనీ మాత్రం 2018లో పెప్సికోకి 320 కోట్ల డాలర్లకు అమ్ముడుపోయింది.

పాత_పేపర్లు (గుంటూరు):
ఆ 500 కుటుంబాల బాధ నిజమే. కానీ తమ సొంత భూమి లాక్కుని కట్టిన వాడలో కూలి దొరకడమే భాగ్యం అనుకోవాలా? దక్షిణాఫ్రికా బహిష్కరణ రోజుల్లోనూ ఇదే మాట అనేవాళ్లు, నల్లజాతి కూలీలే నష్టపోతారని. కొనొద్దని అడిగినవాళ్లు ఆ కూలీల సంఘాలే. 1984లో డబ్లిన్‌లోని డన్స్ స్టోర్స్‌లో కౌంటర్ దగ్గర కూర్చునే ఒక యువతి దక్షిణాఫ్రికా పండుకు బిల్లు కొట్టనంది. సస్పెండ్ చేశారు. తోటివాళ్లు బయటికొచ్చి సమ్మె పట్టారు, దాదాపు మూడేళ్లు నడిచింది. 1987లో ఐర్లండ్ ప్రభుత్వం దక్షిణాఫ్రికా పండ్లు, కూరగాయల దిగుమతి ఆపేసింది. వర్ణవివక్ష మీద అందరికంటే ముందు, 1946లోనే, వాణిజ్యం తెంచుకున్న దేశం మనదే. అప్పటికి మనకు స్వాతంత్ర్యం కూడా రాలేదు.

మేరీ_రమత్‌గన్ (ఇజ్రాయెల్):
నేను తూర్పు గోదావరి నుంచి ఇక్కడికొచ్చి కేర్‌గివర్‌గా పనిచేస్తున్నాను. మావాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు, తెలంగాణ వాళ్లు ఇంకా ఎక్కువ. నేను చూసుకునే పెద్దావిడకు తొంభై దాటాయి. సైరన్ మోగగానే చక్రాల కుర్చీని గదిలో నుంచి తోసుకుంటూ షెల్టర్ గదిలోకి తీసుకెళ్లి, ఇనుప తలుపు వేసి, ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చుంటాను. ఆవిడ చిన్నప్పుడు యూరప్‌లో ఇల్లు వదిలి పారిపోయిన మనిషి. పాల్ గారు చెప్పిన భయం నాకు రోజూ కళ్ల ముందు కనిపిస్తుంది, అది నటన కాదు. ఆవిడ కొడుకు మాత్రం ప్రతి శనివారం రాత్రి ప్రభుత్వానికి వ్యతిరేకంగా బ్యానర్ పట్టుకుని రోడ్డు మీద నిలబడేవాడు. యుద్ధం ఆపండి, బందీల్ని తీసుకురండి అని.

ఆయన నాతో ఒక మాట అన్నాడు. కాఫీ షాపుల బహిష్కరణ గురించి ఇక్కడ ఎవరూ పట్టించుకోరట. ఫుట్‌బాల్ జట్టు స్పాన్సర్ వెళ్లిపోవడం, విదేశీ యూనివర్సిటీలు పరిశోధనల్లో కలుపుకోకపోవడం, నార్వే పెన్షన్ డబ్బు వెనక్కి తీసుకోవడం, ఇవే వాళ్లకు గుచ్చుకుంటాయట. ఇక్కడివాళ్లకు బహిష్కరణ అంటే తెలియక కాదు. 2011లో కాటేజ్ చీజ్ డబ్బా ధర పెరిగిపోయిందని జనమంతా కొనడం మానేశారు, కంపెనీలు దిగొచ్చి ధర తగ్గించాయి. ఇప్పటికీ ఇళ్లల్లో చెప్పుకుంటారు.

అనంత_రైతు (అనంతపురం):
అందరూ తిండి వస్తువుల గురించే మాట్లాడుతున్నారు. మా సీమలో బత్తాయి చెట్టు బతికుందంటే డ్రిప్ వల్లే. ఆ టెక్నాలజీ ఇజ్రాయెల్ ఎడారిలో పుట్టింది, 1965లో హట్జెరీం అనే కిబ్బుట్జ్‌లో నెటాఫిమ్ మొదలైంది. కుప్పంలో ఇజ్రాయెల్ పద్ధతి సేద్యం చూడటానికి 90ల చివర్లో మా నాన్న బస్సెక్కి వెళ్లాడు. ఇప్పుడు ఎవరైనా వచ్చి పైపులు పీకెయ్యి అంటే నేను పీకను. నీళ్లు లేని నేలకు రాజకీయం చెప్పకండి.

సుజాత_అడ్వకేట్ (విజయవాడ):
మీ పైపులు పీకమని ఎవరూ అనరు రైతుగారూ. ఆ కంపెనీలో 80 శాతం వాటా 2018 నుంచి మెక్సికో కంపెనీది. కాకపోతే నీళ్ల మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. అదే జోర్డాన్ లోయలో సెటిల్‌మెంట్ ఖర్జూర తోటకు డ్రిప్ లైన్లలో నీళ్లు పారుతుంటే, పక్క పాలస్తీనా పల్లెలో పర్మిట్ లేదని నీళ్ల ట్యాంకులు, పైపులు కూల్చేసిన సందర్భాలు ఎన్నో నమోదయ్యాయి. నీళ్ల విలువ అనంతపురం రైతుకు తెలిసినంత నాకు తెలియదు. ఆ పల్లె రైతు స్థానంలో మీరుంటే ఏమంటారో రాయండి.

అనంత_రైతు (అనంతపురం):
ట్యాంకు కూల్చడం మహాపాపం అమ్మా. ఎవడు చేసినా పాపమే. ఆ తోట కాయ నా ఇంట్లోకి రానివ్వను. పైపుల మాట మాత్రం అదే.

ఆస్టిన్_కిరణ్ (టెక్సస్):
మీరంతా కొనాలా వద్దా అని ఇంత స్వేచ్ఛగా మాట్లాడుకుంటున్నారు, చదువుతుంటే అసూయగా ఉంది. అమెరికాలో 35కి పైగా రాష్ట్రాల్లో బహిష్కరణకు వ్యతిరేకంగా చట్టాలో, ఉత్తర్వులో ఉన్నాయి. మా ఊరి దగ్గరే ఒక స్కూల్ డిస్ట్రిక్ట్‌లో పిల్లలకు మాటలు నేర్పే స్పీచ్ పాథాలజిస్ట్‌కి 2018లో కాంట్రాక్టు పోయింది, ఇజ్రాయెల్‌ను బహిష్కరించనని సంతకం పెట్టనందుకు. 2017లో హార్వీ తుపాను వచ్చినప్పుడు డికిన్సన్ అనే ఊళ్లో ఇల్లు బాగుచేసుకోవడానికి సాయం కావాలంటే అదే సంతకం అడిగారు. నీళ్లలో ఇల్లు మునిగినవాడిని! కోర్టు కేసుల తర్వాత 2019లో టెక్సస్ చట్టం మార్చింది. ఇప్పుడు 10 మంది, అంతకు మించి ఉద్యోగులున్న కంపెనీలకు, లక్ష డాలర్లు, అంతకు మించిన కాంట్రాక్టులకే వర్తిస్తుంది. మా చిన్న కన్సల్టింగ్ కంపెనీ ఆ గీత దాటింది, కాబట్టి ఆ పేజీ మీద సంతకం పెట్టే పని చేస్తున్నాం. నేను ఇంట్లో ఏ ఖర్జూరం తింటానో ఎవరూ అడగరు. కానీ ఒక కంపెనీ ఏం కొనకూడదనుకుంటుందో ప్రభుత్వం రాయించుకోవడం నాకు ఎన్నటికీ మింగుడుపడదు. బహిష్కరణతో ఏమీ జరగదనేవాళ్లు, ఏమీ జరగనిదాన్ని ఆపడానికి ఇన్ని చట్టాలు ఎందుకు చేశారో చెప్పాలి.

టోలిచౌకి_కిరాణా (హైదరాబాద్):
అందరికీ చాలా థాంక్స్. ఇంట్లో కూర్చుని మాట్లాడుకున్నాం. పుట్టిన చోటు రాయని మెడ్జూల్ పెట్టెలు ఆపేశాను. సబ్బులు, డైపర్లు ఉంచుతాను, అడిగితే ఎందుకో చెబుతాను. ఫ్రిజ్ సీజన్ అయ్యాక వెనక్కి ఇస్తాను. ఈలోగా సెకండ్ హ్యాండ్‌లో సొంత ఫ్రిజ్ చూస్తున్నాను, మన లోకల్ గోలీసోడాతో పాటు ఎవరి సీసా అయినా పెట్టుకోవచ్చు.

మెకానికల్_వంశీ (హైదరాబాద్):
కిరాణా అన్న నిర్ణయం మంచిదే. కానీ ఇంత చర్చలో మన ఊరు మాట రాలేదు. ఇజ్రాయెల్‌తో హైదరాబాద్ సంబంధం ఖర్జూరంలో లేదు, డ్రోన్‌లో ఉంది. అదానీ, ఇజ్రాయెల్ ఆయుధ కంపెనీ ఎల్బిట్ కలిసి 2018 డిసెంబర్‌లో ఇక్కడ హెర్మెస్ 900 డ్రోన్ల ఫ్యాక్టరీ తెరిచాయి, ఇజ్రాయెల్ బయట అలాంటిది అదే మొదటిదని చెప్పుకున్నారు. ఇక్కడ తయారైన 20కి పైగా డ్రోన్లు ఇజ్రాయెల్‌కు వెళ్లాయని 2024 ఫిబ్రవరిలో వార్తలొచ్చాయి. మన దేశపు కళ్యాణి, ఇజ్రాయెల్ ఆయుధ కంపెనీ రఫాయెల్ కలిసి పెట్టిన క్షిపణుల కంపెనీ కూడా ఇక్కడే. నా క్లాస్‌మేట్లు ఈ రంగంలో పనిచేస్తున్నారు, మంచి జీతాలు. వాళ్లని నేను తప్పుపట్టను. కానీ షాపులో కోలా మానేసి, శంషాబాద్ వైపు చూడకపోతే మనం దగ్గరున్నదాన్ని వదిలేసి దూరంగా ఉన్నదాన్ని పట్టుకున్నట్టే. ఆయుధాల ఎగుమతి ఆపమని రిటైర్డ్ అధికారులు, మరికొందరు వేసిన పిటిషన్‌ను 2024 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది, విదేశాంగ విధానం ప్రభుత్వం పని అని. అదే ఏడాది ఫిబ్రవరిలో దేశంలోని 11 పెద్ద రేవుల కార్మికుల సమాఖ్య మాత్రం ఇజ్రాయెల్‌కు వెళ్లే ఆయుధాల సరుకు ఎత్తబోమని ప్రకటించింది. కొనేవాడి చేతిలో ఉన్నదాని కంటే మోసేవాడి చేతిలో ఎక్కువ బలం ఉంది.

సెంట్రింగ్_మల్లేశ్ (నిజామాబాద్):
నేను రోజూ చదువుతున్నాను, రాయడం ఇదే మొదలు. నేను సెంట్రింగ్, రాడ్ బెండింగ్ పని చేస్తాను. 2024లో హైదరాబాద్‌లో ఇజ్రాయెల్ పనులకు సెలెక్షన్లు పెట్టినప్పుడు మా ఊరి నుంచి కొందరు పోయారు. నెలకు లక్ష పైన జీతం. ఇప్పుడు మళ్లీ పిలుస్తున్నారని ఒకాయన చెప్పాడు. అక్టోబర్ 7 తర్వాత పాలస్తీనా కూలీల పర్మిట్లు ఆపేశారని, ఆ జాగాలోనే మమ్మల్ని తీసుకుంటున్నారని యూనియన్ వాళ్లంటున్నారు. అది నిజమేనా? నాకు ఇద్దరు ఆడపిల్లలు, నాలుగు లక్షల అప్పుంది. కొనడం మానేయాలని మాట్లాడుతున్నారు కదా, నా చేతిపని అమ్ముకోవడం కూడా మానేయాలా?

పాత_పేపర్లు (గుంటూరు):
మల్లేశ్, నిజమే. యుద్ధానికి ముందు లక్షన్నర మంది దాకా పాలస్తీనా వాళ్లు అక్కడ పని చేసేవాళ్లు, ఎక్కువమంది భవన నిర్మాణంలోనే. ఒక్క రాత్రిలో ఆపేశారు. మన దేశంలోని పెద్ద కార్మిక సంఘాలు 2023 నవంబర్‌లోనే కూలీల్ని పంపొద్దని అడిగాయి. నా మటుకు నేను వెళ్లొద్దనే అంటాను. కానీ నీ అప్పు నేను తీర్చను, కాబట్టి నిన్ను నిలదీసే హక్కు నాకు లేదు.

జగిత్యాల_రవి (కువైట్):
మల్లేశన్నా, ఏజెంటుకు పైసా ఇవ్వకు. అక్కడ లక్ష అంటే ఇక్కడి లక్ష కాదు, రూమ్ కిరాయి, తిండి తీసేసి లెక్క చూసుకో.

మేరీ_రమత్‌గన్ (ఇజ్రాయెల్):
మల్లేశ్ తమ్ముడూ, నేను ఇక్కడే ఉండి నిన్ను రావొద్దంటే బాగుండదు. వస్తే మాత్రం ఇవి చూసుకో. అగ్రిమెంట్‌లో కంపెనీ పేరుతో పాటు సైట్ ఉన్న ఊరి పేరు రాయించు. ఆ ఊరు మ్యాపులో గ్రీన్ లైన్‌కు, అంటే 1967 ఆక్రమణకు ముందున్న సరిహద్దు గీతకు, ఏ పక్కన ఉందో చూడు. అరియెల్, మాలే అదుమీం లాంటి పేర్లుంటే అవి సెటిల్‌మెంట్లు, అక్కడ గోడ కట్టడమంటే లాక్కున్న భూమి మీద కట్టడమే, ఆ పని ఒప్పుకోకు. ప్రమాదమూ ఎక్కువే. పాస్‌పోర్ట్ ఎవరి చేతికీ ఇవ్వకు. సైరన్ మోగితే సైట్‌లో షెల్టర్ ఎక్కడుందో మొదటి రోజే అడుగు. మావాళ్లకు కొన్ని చోట్ల చూపించలేదు. నాకు ఇక్కడ మెసేజ్ పెట్టు, సైట్ పేరు పంపితే చూసి చెబుతాను.